బిల్లు సున్నా అయితే ఇల్లు సున్నా అయినట్టేనా?

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో ‘నికర సున్నా’ ఇళ్ల గురించి వచ్చిన వ్యాసం చదివాను. డాబా మీద మూడు కిలోవాట్ల సోలార్ పెట్టిస్తే చాలు, ఏడాదికి ఎంత వాడతామో అంత కరెంటూ ఇల్లే తయారు చేసుకుంటుందని రాశారు. రెండేళ్లుగా అటువంటి డాబా కింద కాపురం చేస్తున్నదాన్ని కాబట్టి ఊరుకోలేక రాస్తున్నాను.

మాది ఒంగోలు. 540 వాట్ల ప్యానెళ్లు ఆరు పెట్టించాం. కేంద్రం ఇచ్చే 78,000 రూపాయల రాయితీ మాకూ అందింది. వంటింటి గోడ క్యాలెండరులో ఒకప్పుడు పాల లెక్క రాసుకునే గళ్లలో ఇప్పుడు రోజూ సాయంత్రం మీటరు అంకె రాస్తున్నాను. ఎండ మండిపోతే కరెంటు దండిగా వస్తుందనుకున్న నా భ్రమ ఆ గళ్లతోనే వదిలింది. మార్చిలో రోజుకు సగటున 14 యూనిట్లు వస్తే, మే నెలలో 13 దాటలేదు. ప్యానెల్ వెనక రాసి ఉండే వాట్లు 25 డిగ్రీల దగ్గర కొలిచినవట. మే మధ్యాహ్నం మా డాబా మీద ఆ ప్యానెల్ 65 డిగ్రీలకు కాగుతుంది. మోనో పెర్క్ అనే పాత రకం ప్యానెల్ అయితే డిగ్రీకి 0.35 శాతం చొప్పున తరుగు, అంటే 14 శాతం అక్కడే పోయింది. టాప్‌కాన్ అనే కొత్త రకానికి ఆ తరుగు డిగ్రీకి 0.30 శాతం దాకా ఉంటుంది. వ్యాసంలో ఈ రెండింటికీ నక్కకూ నాకలోకానికీ ఉన్నంత తేడా చూపించారు. ఎండ దెబ్బ వరకు చూస్తే మా ఊళ్లో ఆ తేడా రెండు శాతం! డాబా ఇరుకుగా ఉన్నవారికి టాప్‌కాన్ మేలే, తక్కువ చోటులో ఎక్కువ వాట్లు పడతాయి. మాలాగా చోటు ఉన్నవారు దానికోసం అప్పు చేయనక్కరలేదు.

అసలు చెప్పవలసింది మీ వ్యాసంలో లేదు. పెట్టించిన నెలలోనే ఒక మిట్టమధ్యాహ్నం వీధిలో కరెంటు పోయింది. నెత్తిన అంత ఎండ పెట్టుకుని మా ఇంట్లో ఫ్యాను ఆగిపోయింది. అమర్చినవారికి ఫోను చేస్తే, “అది అంతేనమ్మా, లైను చచ్చిపోతే మీదీ ఆగుతుంది” అన్నారు. కారణం న్యాయమైనదే. మా డాబా నుంచి కరెంటు వీధి తీగలోకి వెళుతూ ఉంటే స్తంభం ఎక్కిన లైన్‌మన్ ప్రాణానికి ముప్పు. కానీ ఆ మాట డబ్బు కట్టకముందు చెప్పాలి కదా!

మా మరిది కనిగిరి దగ్గర పల్లెలో ఉంటాడు. అక్కడ గాలి వీస్తే చాలు, కరెంటు పోతుంది. అతను బ్యాటరీ కూడా ఉండే హైబ్రిడ్ సోలార్ పెట్టించుకున్నాడు. మాకన్నా లక్షకు పైగా ఎక్కువైంది. బ్యాటరీలోకి వెళ్లి తిరిగి వచ్చేటప్పుడు పదింట ఒక వంతు దాకా కరెంటు హరించుకుపోతుంది కూడా. అయినా అతనికి అదే సరైనది. మాకు, ఇచ్చిన కరెంటూ తెచ్చుకున్న కరెంటూ రెండూ లెక్కపెట్టే నెట్ మీటరే బ్యాటరీ: పగలు వీధికి ఇచ్చింది రాత్రి ఏసీకి తిరిగి తెచ్చుకుంటాం.

నీళ్ల హీటరు సంగతీ ఇంతే, ఊరిని బట్టి ఉంటుంది. వంద లీటర్ల సోలార్ హీటరుకు రెండు చదరపు మీటర్ల చోటు చాలు. ఆ నీళ్లు 25 డిగ్రీల నుంచి 60కి కాగాలంటే నాలుగు యూనిట్లు కావాలి. అవే నాలుగు యూనిట్లు ప్యానెళ్లతో తీయాలంటే దాదాపు అయిదు చదరపు మీటర్లు. ఈ లెక్కన హీటరే గెలిచింది. మదనపల్లెలో మా చెల్లెలు ఇంట్లో నిజంగానే గెలిచింది, అక్కడి చలి అలాంటిది. ఒంగోలులో వేన్నీళ్ల స్నానం మూడు నెలల ముచ్చట. మిగతా తొమ్మిది నెలలూ అది ఉత్తినే కాగుతూ కూర్చుంటుంది. పైగా మా బోరు ఉప్పునీళ్లకు గొట్టాల్లో తెల్లగా గారపడుతుంది. ప్యానెళ్లు కడిగినా అదే గోల: ఆ నీళ్లు ఆరితే అద్దం మీద ముగ్గు పెట్టినట్టు మరకలు. అందుకే పొద్దున్నే, అద్దం చల్లగా ఉన్నప్పుడు, ఒక బకెట్టు తాగే నీళ్లతో మెత్తని గుడ్డ పెట్టి తుడుస్తాను.

ప్యానెళ్ల కన్నా ముందు ఫ్యాన్లు మార్చాల్సిందని తరువాత తెలిసింది. పాత ఫ్యాను 75 వాట్లు తాగేది, బీఎల్‌డీసీ అనే తక్కువ కరెంటు తాగే కొత్త రకం ఫ్యాను 30 చాలంటుంది. ఆరు ఫ్యాన్లు రోజుకు పన్నెండు గంటలు తిరిగితే మూడు యూనిట్లకు పైగా మిగులు. అంటే ముప్పావు కిలోవాటుకు పైగా ప్యానెళ్లు డాబా ఎక్కకుండానే ఇంట్లో ఉన్నట్టు. అదీ దాదాపు సగం ఖర్చుతో.

ఇక సున్నా సంగతి. కిందటి ఏడాది మా డాబా 4,450 యూనిట్లు ఇచ్చింది, మేం 4,260 వాడాం. మీ వ్యాసం లెక్కన మేం సున్నా దాటి 190 మిగిల్చిన పుణ్యాత్ములం. (బిల్లు మాత్రం సున్నా రాదు, స్థిర చార్జీలు వేస్తూనే ఉంటారు.) మరి వంట గ్యాసో? 14.2 కిలోల బండలో ఉండే వేడి సుమారు 180 యూనిట్లకు సమానం. ఏడాదికి ఎనిమిది బండలు, అంటే 1,440. కరెంటు మిగులు 190 తీసేసినా మా ఇల్లు సున్నాకు 1,250 యూనిట్ల దూరంలో ఉంది. ఈ లెక్క వేయకుండా ‘సున్నా శక్తి ఇల్లు’ అని బోర్డు పెట్టడం నాకు నచ్చలేదు.

ఆ లెక్క చూశాక ఇండక్షన్ పొయ్యి కొన్నాను. అన్నం, పప్పు, టీ, పాలు కాచడం దాని మీదే. అట్లు మాత్రం కుదరలేదు. పెనం మధ్యలో మాడి, అంచులు పచ్చిగా ఉండిపోతున్నాయి. రెండు ఆదివారాలు చూసి మా వారు పెనాన్ని మళ్లీ గ్యాసు మీదికి ఎక్కించారు.

— ఒక గృహిణి, ఒంగోలు