కొండెక్కే కార్ల టైర్లను అలిపిరిలోనే చూడాలి

సంపాదకులకు నమస్కారం.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానల్లో తిరుమల ఘాట్ రోడ్లు తరచూ తడిసే ఉంటాయి. చెన్నై, బెంగళూరు వైపు నుంచి వచ్చే కార్లు నిండా మనుషులతో, సామాన్లతో నేరుగా కొండెక్కుతాయి. అలిపిరి సప్తగిరి తనిఖీ కేంద్రంలో ప్రతి కారూ ఎలాగూ ఆగుతుంది. సామాన్లు స్కాన్ చేసేలోపు టైర్లు కూడా చూసేందుకు అక్కడ ఒక మనిషిని పెట్టాలి.

మొదట చూడాల్సింది గాడి లోతు. కొత్త కారు టైరుకు 7, 8 మిల్లీమీటర్లుంటుంది. 1.6 కంటే తగ్గితే నిబంధనలు ఒప్పుకోవు. గాళ్ల అడుగున అడ్డంగా చిన్న దిమ్మెలుంటాయి, రబ్బరు అరిగి వాటితో సమానమైతే ఆ టైరు తీసేయాల్సిందే. మన వానలకు అంతదాకా ఆగకూడదు, 3 మిల్లీమీటర్లకే మార్చాలి. చక్రం కింద నీళ్లు పక్కకు పోయే దారి ఆ గాళ్లే. అవి చాలకపోతే వేగంలో చక్రం నీటిమీద తేలిపోతుంది, స్టీరింగూ బ్రేకూ మాట వినవు. అరిగిన టైరుకు బ్లేడుతో మళ్లీ గాళ్లు కోసి అమ్మే సెకండ్ హ్యాండ్ సరుకు మరీ ప్రమాదం. లోపలి తీగల మీద మిగిలిన పలుచని రబ్బరునే అందులో కోసేస్తారు.

రెండోది గాలి. డ్రైవరు తలుపు తీస్తే పక్కన స్టిక్కరు కనిపిస్తుంది. చాలా కార్లకు దానిమీద తక్కువ బరువుకు ఒక అంకె, నిండు బరువుకు ఇంకో అంకె ఉంటాయి. ఐదుగురూ పెట్టెలూ ఉంటే రెండో అంకె పట్టాలి, అదీ టైరు చల్లగా ఉన్నప్పుడు. ఎండాకాలం గాలి తగ్గించాలన్న మాట ఇప్పటికీ వినిపిస్తోంది. అది పూర్తిగా తప్పు. గాలి తగ్గితే ప్రతి తిరుగుడుకూ టైరు పక్క గోడ మడతపడి వేడెక్కుతుంది, పొరలు ఊడి పగులుతుంది. పరుగు మీద వేడెక్కి మీటరు నాలుగైదు పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) ఎక్కువ చూపినా గాలి తీయకూడదు.

రెండే కొత్త టైర్లు కొంటే వెనక చక్రాలకు వేయించాలి. తడిరోడ్డు మలుపులో వెనక పట్టు జారితే కారు గిరుక్కున తిరిగిపోతుంది, మామూలు డ్రైవరు దాన్ని ఆపలేడు. పక్క గోడకు పంక్చరైతే అతుకు పనికిరాదు. టైరు మీది నాలుగంకెల్లో 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని. స్టెప్నీ మీద కూడా ఇది చూడాలి, వాడకపోయినా రబ్బరు ముదిరి పగుళ్లిస్తుంది.

దిగేటప్పుడు న్యూట్రల్ వద్దు, రెండో గేరులో రావాలి. బ్రేకు మీదే కాలుంచితే ఆ వేడి రిమ్ముకూ టైరుకూ పాకుతుంది.

టీటీడీ, రవాణా శాఖ కలిసి అలిపిరిలో గాడి కొలిచే గేజీ, గాలి మిషను పెట్టించాలి. దిమ్మెల దాకా అరిగిన టైర్లున్న కారును అక్కడే నిలిపి, యాత్రికులను ఆర్టీసీ బస్సులో పైకి పంపాలి. పెట్రోలు బంకుల్లో గాలి ఉచితమే గానీ మీటరు తప్పు చూపిస్తే ఉపయోగం లేదు. తిరుపతికి వచ్చే దారుల్లోని భాకరాపేట, మొగిలి ఘాట్లకు ముందున్న బంకుల మీటర్లను వానలకు ముందే అధికారులు పరీక్షించాలి.

— ఒక పాఠకుడు, తిరుపతి