పాత కారుకు మంచి బ్రేకులు వేసుకునే దారి చూపండి

సంపాదకుల వారికి,

నమస్కారం. రూపం మార్చిన వాహనాలపై రవాణా శాఖ తనిఖీల గురించి మీ పత్రికలో వచ్చిన వార్త చదివాను. చెవులు చిల్లులు పడే సైలెన్సర్లను, ఎదురొచ్చేవాడికి కళ్లు కనపడకుండా చేసే లైట్లను పట్టుకోవాల్సిందే. అందులో నాకు రెండో మాట లేదు. కానీ అదే వార్తలో, అదే వరుసలో, కొత్త మోడల్ బళ్ల బ్రేకులు బిగించుకున్న పాత కార్లని కూడా ఒక్క ముక్కలో కలిపేశారు. ఆ ఒక్క ముక్క గురించే ఈ ఉత్తరం. అలాంటి బ్రేకుల మార్పుకి ప్రభుత్వం ఒక పద్ధతి పెట్టి అనుమతివ్వాలన్నది నా మనవి.

నేను విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో బ్రేకుల పని చేస్తాను. ఇంజను జోలికి పోను, డెంటింగు, పెయింటింగు చేయను. బ్రేకులు మాత్రమే. పని నేర్చుకున్నది ఫియట్ కార్ల మీద. ఇప్పటికీ కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి ఫియట్లు, మారుతి 800లు నా షెడ్డుకి వస్తూనే ఉన్నాయి. వాటిని నడిపేవాళ్లలో చాలామంది పెద్దవాళ్లు, పెన్షనుదారులు. కొత్త కారు కొనే స్తోమతు లేక కొందరు, చేతికి అలవాటైన బండిని వదల్లేక కొందరు. వాళ్లడిగేది ఒక్కటే: బ్రేకు తొక్కితే బండి ఆగాలి. ఆ కోరికను సైలెన్సరు మార్చిన కుర్రాడి సరదాతో ఒకే గాటన కట్టడం న్యాయం కాదు.

ప్రీమియర్ పద్మినినే తీసుకోండి. మా దగ్గర దాన్ని పద్మిని అనేవాళ్లు తక్కువ, అందరికీ అది ఫియటే. నాలుగు చక్రాలకీ డ్రమ్ము బ్రేకులు, అంటే చక్రంతో పాటు తిరిగే డ్రమ్ము లోపలి గోడకి షూలనే పలకలు ఒరుసుకుని ఆపేవి. తొక్కిన బలాన్ని పెంచే బూస్టర్ లేదు, కాబట్టి కాలిలో ఎంత బలం ఉంటే బ్రేకు అంత. బొంబాయి కుర్లాలో 1964లో ఆ మోడల్ తయారీ మొదలైనప్పుడు మన రోడ్ల మీద ఆ బ్రేకులు చాలు. ఈ రోజు అదే బండి హైదరాబాద్ హైవే మీద వెళ్తోంది. దాని ముందు వెళ్లే కారుకి, గట్టిగా తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ ఉంది. 2019 ఏప్రిల్ నుంచి కొత్తగా అమ్మే ప్రతి కారుకీ అది తప్పనిసరి. ముందు కారువాడు గట్టిగా బ్రేకు కొడితే అది తక్కువ దూరంలోనే ఆగుతుంది. వెనకున్న ఫియట్ ఆగొద్దూ? నలభైలో వెళ్లే బండిని ఆపడానికీ ఎనభైలో వెళ్లే బండిని ఆపడానికీ కావాల్సిన శక్తిలో తేడా రెండింతలు కాదు, నాలుగింతలు. ఆ శక్తంతా వేడిగా మారి డ్రమ్ములోకే పోవాలి. డ్రమ్ము వేడెక్కితే వ్యాకోచించి షూకి దూరం జరుగుతుంది, దాంతో పెడల్ ఇంకా లోపలికి దిగుతుంది. తిరుమల నుంచి దిగేటప్పుడు సగం దారిలో బ్రేకు మెత్తబడిందని చెప్పేవాళ్లకి జరిగేది అదే. డిస్కు అలా కాదు. అది చక్రంతో తిరిగే పళ్లెం, కాలిపర్ అనే పట్టు రెండు పక్కల నుంచీ ప్యాడ్లతో దాన్ని నొక్కి ఆపుతుంది. డిస్కు గాలికి బయటే తిరుగుతుంది, వేడి తొందరగా వదిలేస్తుంది, వానలో తడిసినా నీళ్లు విసిరికొట్టేస్తుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద తగ్గాక నా దగ్గరికి వచ్చిన పాత బళ్లలో షూలు తుప్పుపట్టి డ్రమ్ములకి అతుక్కుపోయి, సుత్తితో కొడితే తప్ప చక్రం కదలనివి ఉన్నాయి.

ఇంకో సంగతి బయటివాళ్లకి తెలియదు. ఫియట్‌కి ఇప్పుడు అసలు సామాను దొరకదు. షూలని డ్రమ్ముకేసి నెట్టే వీల్ సిలిండర్ కిట్టు అని కవరులో పెట్టి అమ్ముతున్న వాటిల్లో రబ్బరు నాసిరకం. బ్రేక్ ఆయిల్‌లో కొన్నాళ్లు నానితే ఉబ్బిపోతుంది, పిస్టను ఇరుక్కుంటుంది, బండి ఒక పక్కకి లాగుతుంది. చట్టం మాట విని ‘కంపెనీ ఇచ్చిన బ్రేకులే’ ఉంచుకుందామంటే ఆ కంపెనీ బ్రేకులు ఎక్కడ తేవాలి? అందుకే కొందరు తర్వాత వచ్చిన చిన్న కార్ల డిస్కులు, కాలిపర్లు తెచ్చి బిగించుకుంటున్నారు. ఆ సామాను నాణ్యమైనది, ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది.

అయితే ఈ పని చాలాచోట్ల చేస్తున్న తీరు చూస్తే మాత్రం నాకు భయమేస్తుంది. దీన్ని దాచిపెట్టి అనుమతి అడగడం నాకు ఇష్టం లేదు.

గుడివాడ వైపు నుంచి రిటైరైన మాస్టారు ఒకాయన తన ఫియట్ తెచ్చారు. వేరే ఊళ్లో ముందు చక్రాలకి డిస్కులు వేయించారట. ‘‘బండి బరువుగా లాగుతోందయ్యా, పెట్రోలు తాగేస్తోంది, కాలిన వాసన వస్తోంది’’ అన్నారు. కుడి ముందు చక్రం దగ్గర చెయ్యి పెట్టబోతే అంత దూరం నుంచే సెగ తగిలింది. చక్రం విప్పాను. డిస్కు నీలంగా కమిలింది, ప్యాడ్లు ఒరుసుకుపోయి రేకు కనిపిస్తోంది. కారణం వెతికితే, పెడల్ తొక్కగానే బ్రేక్ ఆయిల్‌ని పైపుల్లోకి నెట్టే మాస్టర్ సిలిండరు పాతదే ఉంచేశారు. పాత డ్రమ్ము బ్రేకుల మాస్టర్ సిలిండర్లో చిన్న వాల్వు ఉంటుంది. కాలు తీసేసినా పైపుల్లో కాస్త ఒత్తిడి ఆపి ఉంచడం దాని పని. డ్రమ్ములో ఆ ఒత్తిడిని షూల స్ప్రింగులు తట్టుకుంటాయి, వీల్ సిలిండర్‌లోకి గాలి చొరబడకుండా అది కాపాడుతుంది కూడా. కాలిపర్‌కి అలాంటి స్ప్రింగు లేదు. కాబట్టి కాలు తీసినా ప్యాడు డిస్కుని పట్టుకునే ఉంటుంది. మాస్టారు గుడివాడ నుంచి ఆటోనగర్ దాకా బ్రేకు తొక్కుకుంటూ వచ్చినట్టే లెక్క.

అంతటితో అయిపోలేదు. కాలిపర్‌ని చక్రాన్ని మోసే నకిల్‌కి పట్టి ఉంచే బ్రాకెట్‌ని మామూలు ఇనప రేకులోంచి గ్యాస్ కటింగుతో కోసి, రెండు ముక్కలు కలిపి వెల్డింగు చేశారు. వెల్డింగు పక్కన వెంట్రుకంత పగులు. గట్టిగా బ్రేకు తొక్కినప్పుడు బండి బరువు చాలావరకు ముందుకే వాలుతుంది, ఆపే బలమంతా ఆ బ్రాకెట్ మీదే పడుతుంది. అది విరిగితే కాలిపర్ ఊడి రిమ్ములో ఇరుక్కుంటుంది, స్టీరింగు చేతిలో ఉండదు. స్టీరింగు పూర్తిగా తిప్పి చూస్తే బ్రేక్ ఆయిల్ వెళ్లే హోసు పైపు తీగలా సాగుతోంది. పొడవు చాలని పైపు వేశారు. నేను అన్నీ విప్పి బల్ల మీద పరిచి చూపించాను. ఆయన ఏమీ మాట్లాడలేదు. ఆ ముందు వారమే మనవరాలిని అదే బండిలో కాలేజీలో దింపి వచ్చారని తర్వాత తెలిసింది.

ఇది ఆ షెడ్డు ఒక్కదాని తప్పని నేను అనను. ఈ పని ఎలా చేయాలో చెప్పే కాగితం ఒక్కటీ లేదు, చేసిన పనిని చూసే అధికారీ లేడు. చట్టం ‘చేయొద్దు’ అంటుంది కాబట్టి అంతా చాటుమాటుగా సాగుతోంది. చాటుగా చేసే పనికి కొలత ఉండదు.

సరిగ్గా చేయాలంటే డిస్కు ఒక్కటి వేస్తే చాలదు. కాలిపర్ పిస్టన్‌కి వీల్ సిలిండర్ కన్నా ఎక్కువ ఆయిల్ కావాలి, దానికి తగ్గ మాస్టర్ సిలిండర్ వేయాలి. డ్రమ్ములో ముందు షూ చక్రం తిరిగే ఊపుకే తనంతట తాను బిగుసుకుంటుంది. డిస్కులో ఆ సాయం లేదు. బూస్టర్ లేకుండా డిస్కు వేస్తే పెద్దాయన కాలికి ఇంకా కష్టం. ముందు బ్రేకు, వెనక బ్రేకు పొందిక కుదరాలి. వెనక చక్రాలు ముందే పట్టేస్తే తడి రోడ్డు మీద బండి తోక తిరుగుతుంది. కాలిపర్ రిమ్ముకి తగలకూడదు. మారుతి 800కి ఉన్నవి 12 అంగుళాల రిమ్ములు, పెద్ద డిస్కు వాటిలో పట్టదు. వ్యాగన్‌ఆర్ డిస్కు కావాలంటే దాని 13 అంగుళాల రిమ్ములు కూడా చూసుకోవాల్సి వస్తుంది. బ్రాకెట్‌ని వెల్డింగు లేకుండా ఒకే దిమ్మలోంచి మిషన్ మీద తీయించాలి. బోల్టులు గ్రేడున్నవి వేయాలి. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ పోసి నాలుగు చక్రాల బ్రేకు పైపుల్లోంచీ గాలి బుడగలు తీసేయాలి.

బూస్టర్ వేయించుకున్న ఫియట్ వాళ్లకి ఒక మాట తప్పకుండా చెబుతాను. పాత రోజుల్లో పెట్రోలు మిగులుతుందని ఘాట్ దిగేటప్పుడు ఇంజను ఆపి న్యూట్రల్‌లో వదిలేసేవాళ్లు. అది అప్పుడూ తప్పే. బూస్టర్‌ని నడిపేది ఇంజను గాలి పీల్చుకోవడం వల్ల ఏర్పడే వ్యాక్యూమ్. ఇంజను ఆగితే రెండు మూడు తొక్కుళ్లలో అది అయిపోతుంది, తర్వాత పెడల్ రాయిలా బిగుసుకుంటుంది. దయచేసి ఆ అలవాటు మానండి.

మారుతి 800 వాళ్లు వచ్చి ‘‘కొత్త మోడల్ బ్రేకులు వేయి’’ అంటే నేను సాధారణంగా ఒప్పుకోను. ముందు ఉన్నవి బాగు చేద్దాం అంటాను. కాలిపర్ పిన్నులు పట్టేసి ఉంటాయి, ప్యాడు ఒక పక్కే అరుగుతుంటుంది, వెనక షూల మీది రాపిడి పొరలు, అంటే లైనర్లు, గాజులా మెరుస్తుంటాయి. ఆయిల్ ఎప్పుడు మార్చారో ఎవరికీ గుర్తుండదు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమ పీల్చుకుంటుంది. పాతబడ్డ ఆయిల్ తక్కువ వేడికే మరిగి బుడగలొస్తాయి, పెడల్ స్పాంజిలా ఉంటుంది. ఇవన్నీ సరిచేస్తే ఆరేడు వందల కిలోల బండికి ఆ బ్రేకులే చక్కగా సరిపోతాయి. ఇక టైర్లు. టైరు పక్కన నాలుగు అంకెలుంటాయి. 2316 అని ఉంటే 2016లో 23వ వారంలో తయారైందని. గీతలు ఎంత లోతుగా ఉన్నా రబ్బరు గట్టిపడిన ఆ టైరుకి ఎంత ఖరీదైన డిస్కు వేసినా బండి జారుతూనే ఉంటుంది. బండిని చివరికి ఆపేది రోడ్డుని పట్టుకున్న టైరే కదా.

పనిలో పనిగా తోటి పనివాళ్లకి ఒక విన్నపం. డ్రమ్ము విప్పగానే కంప్రెసర్ గాలి కొట్టి దుమ్ము ఎగరగొట్టకండి. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండేది. అది ఊపిరితిత్తుల్లో చేరితే బయటికి రాదు. తడి గుడ్డతో తుడవండి, పక్కనున్న పిల్లలకి మాస్కు ఇవ్వండి.

ఇప్పుడు ప్రభుత్వానికి నా మనవి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దాన్ని గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో అనుమతి లేని ఒక్కో మార్పుకి యజమానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. మంచిదే. కానీ అదే చట్టం కింద గ్యాస్ కిట్టుకి దారి ఉంది. ఆమోదం పొందిన కిట్టు, అనుమతి ఉన్న చోట బిగింపు, ఆర్‌సీలో నమోదు. పాత కారుని బ్యాటరీ కారుగా మార్చే కిట్లకీ పరీక్షలు, ఆమోదాలు ఉన్నాయి. పెట్రోలు బండిలో గ్యాసు సిలిండరు పెట్టడానికి పద్ధతి ఏర్పరచగలిగినవాళ్లు, డ్రమ్ము స్థానంలో డిస్కు పెట్టడానికి ఏర్పరచలేరా? ఆర్‌సీలో ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు, రంగు, సీట్లు, బరువు అన్నీ ఉంటాయి, బ్రేకుల గడి మాత్రం లేదు. ఆ గడి పెట్టండి. ఏ మోడల్ పాత బండికి ఏ కొత్త మోడల్ సామాను సరిపోతుందో పరీక్షించి జాబితా ఇవ్వండి. బ్రాకెట్ డ్రాయింగు ఇవ్వండి, మా ఆటోనగర్ లేతు మేస్త్రులు దాన్ని నూలు తేడా రాకుండా తీస్తారు. బిగించిన షెడ్డు పేరు రాసి సంతకం పెట్టమనండి, నేను పెడతాను.

పదిహేనేళ్లు దాటిన కారుకి రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5,000 రూపాయలైంది. ఆ డబ్బు కట్టిన పెద్దమనిషి బండిని చుట్టూ తిరిగి చూసి, లైట్లు వేయించి, ఛాసిస్ నంబరు సరిచూసి పంపిస్తే ఎలా? ఆటోమేటెడ్ టెస్టింగ్ స్టేషన్లలో రోలర్ల మీద బండిని ఎక్కించి ఏ చక్రం ఎంత బలంగా పడుతోందో కొలిచే యంత్రాలున్నాయి. సొంత కార్లని కూడా రెన్యువల్ రోజున వాటి మీద ఎక్కించండి, బ్రేకులు పాతవైనా, మార్చినవైనా. నాలుగు చక్రాల అంకెలూ అచ్చేసి ఆ కాగితం యజమాని చేతికివ్వండి. ఎడమకీ కుడికీ తేడా ఎక్కువుంటే బాగు చేయించుకుని రమ్మని పంపండి. కృష్ణా, గుంటూరు, ఎన్టీఆర్ జిల్లాల్లో ముందుగా మొదలుపెడితే ఆటోనగర్ నుంచి మాకు చేతనైన సాయం చేస్తాం.

ఇట్లు,
ఒక బ్రేకుల మెకానిక్,
జవహర్ ఆటోనగర్, విజయవాడ