ఇంటి ముందు కుళాయి ఉంది, నీళ్ళు లేవు: మంత్రి గారికి బహిరంగ లేఖ

గ్రామీణ నీటి సరఫరా శాఖ మంత్రి గారికి,

నమస్కారం. పశ్చిమ ప్రకాశంలో, కనిగిరి వైపు ఒక చిన్న పల్లె మాది. ఈ ఉత్తరం రాసేలోపు గ్రీవెన్సులో ఐదు అర్జీలు ఇచ్చాం. ఐదింటికీ రసీదులు ఉన్నాయి. మూడింటికి ‘మీ సమస్య పరిష్కరించబడింది’ అని ఫోనుకు మెసేజ్ కూడా వచ్చింది. మూడో మెసేజ్ వచ్చినప్పుడు నేను బిందెలతో ట్యాంకరు కోసం ఎదురుచూస్తున్నాను. ఎవరు వచ్చి చూశారో, ఏం చూసి అలా రాశారో ఇప్పటికీ తెలియదు. అందుకే నలుగురూ చదివేలా నేరుగా మీకే రాస్తున్నాను.

ఇంటింటికీ కుళాయి పథకం గురించి మీకు నేను చెప్పేదేముంది. మా ఇంటి ముందు కూడా వేశారు. నీలం పైపు, దాని చుట్టూ జానెడు సిమెంటు దిమ్మె. మా అమ్మను పక్కన నిలబెట్టి ఫొటో తీసుకుని, ఆధార్ నంబరు రాసుకుని వెళ్ళారు. పదకొండు రోజులు నీళ్ళు వచ్చాయి. తర్వాత రెండు రోజులకోసారి, ఆ తర్వాత వారానికోసారి, ఇప్పుడు ఉత్త గాలి. తిప్పితే బుస్సుమంటుంది, అంతే. పక్కింటివాళ్ళు ఆ పైపుకు మేకపిల్లను కట్టేస్తున్నారు. ఎత్తు మీదున్న కాలనీకైతే ఆ పదకొండు రోజులు కూడా నీళ్ళు ఎక్కలేదు. రికార్డుల్లో మాత్రం మాది ప్రతి ఇంటికీ కుళాయి ఉన్న ఊరు.

మనిషికి రోజుకు 55 లీటర్లు ఇస్తామని మీ పథకమే చెబుతుంది. మా ఇంట్లో నలుగురం. అంటే 220 లీటర్లు, పదిహేను లీటర్ల బిందెతో కొలిస్తే దాదాపు పదిహేను బిందెలు. వేసవిలో మూడు రోజులకోసారి వచ్చే ట్యాంకరు దగ్గర ఇంటికి ఆరు బిందెలు పోస్తారు. మనిషికి రోజుకు ఏడున్నర లీటర్లు పడుతుంది. అందులోనే వంట, స్నానం, బట్టలు, గిన్నెలు, గేదె కూడా. 2019 ఆగస్టు 15న ఈ పథకం ప్రకటించినప్పుడు 2024 కల్లా అందరికీ నీళ్ళన్నారు. ఇప్పుడు గడువు 2028కి పోయింది. గడువు మీరు పెంచుకోగలరు, దాహం మేం వాయిదా వేసుకోలేం కదండీ.

బోరింగు ఉంది కదా అని ఒక అధికారి అన్నారు. ఉంది. దాని నీళ్ళు చూడటానికి అద్దంలా ఉంటాయి. మా డ్వాక్రా సంఘంలో కొందరికి నీళ్ళు పరీక్షించే కిట్టు ఇచ్చి నేర్పించారు, అందులో నేనూ ఉన్నాను. ఆ చిన్న సీసాలో మందు నీటి రంగు ఎర్రగా నిలిస్తే ఫ్లోరైడ్ తక్కువని, పసుపుకు తిరిగితే ఎక్కువని చెప్పారు. మా బోరింగు నీళ్ళు పోసి అలా ఊపానో లేదో, పసుపు తిరిగిపోయింది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదట. ఆ కాగితం నింపి మండలానికి పంపాను. సమాధానం లేదు. కాచి తాగమని సలహా ఇచ్చేవాళ్ళకు కూడా చెబుతున్నాను, ఫ్లోరైడ్ కాస్తే పోదు. నీరు ఆవిరై తగ్గిన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది.

ఇది నిన్న మొన్న బయటపడిన సంగతి కాదు. 1937లోనే, ఈ ప్రాంతం నెల్లూరు జిల్లాలో ఉన్నప్పుడే, ఇక్కడి మనుషుల ఎముకల జబ్బుకు నీళ్ళలోని ఫ్లోరైడే కారణమని డాక్టర్లు రాశారు. అంతకుముందే ఎద్దులు కీళ్ళు బిగుసుకుపోయి నడవలేకపోవడం మా రైతులు గమనించారు. కృష్ణా నీళ్ళను సొరంగాల గుండా మా వైపు తెచ్చే వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగినప్పుడు నేను ఏడో తరగతి. ఆ ప్రాజెక్టు వస్తే మన బాధ తీరుతుందని మా నాన్న అనేవాడు. 2024 మార్చిలో సొరంగాలకు ప్రారంభోత్సవం చేశారు. ఆ రోజు వాటిలో నీళ్ళు పారలేదు. మా నాన్న అప్పటికే లేడు.

మా అమ్మ సంగతి కొంచెం చెప్పనివ్వండి. ఆమెకు అరవై ఆరేళ్ళు. పుట్టింది ఈ ఊళ్ళోనే, మెట్టిందీ ఈ ఊళ్ళోనే. చిన్నప్పుడే పళ్ళ మీద గోధుమరంగు చారలు వచ్చాయట. నలభై దాటాక నడుం పట్టేసింది. ఇప్పుడు ఎవరైనా వెనక నుంచి పిలిస్తే మెడ తిరగదు, ఒళ్ళంతా తిప్పి చూస్తుంది. మోకాళ్ళు వంగవు. మాకు ప్రభుత్వం మరుగుదొడ్డి ఇచ్చింది, కాదనను. కానీ అది గొంతుక్కూర్చునే దొడ్డి. ఎముకలు బిగుసుకుపోయినవాళ్ళు వీధికి నలుగురున్న ఊళ్ళో అందరికీ అదే కట్టారు. మా తమ్ముడు పాత ప్లాస్టిక్ కుర్చీ మధ్యలో కన్నం కోసి అందులో పెట్టాడు. గోడకు తాడు బిగించాడు. అమ్మ ఆ తాడు పట్టుకుని కూర్చుంటుంది, లేచేటప్పుడు నేను చంకల కింద చేతులు వేసి ఎత్తుతాను. ఒకరోజు ఆ తాడు తెగింది. ఆ రోజు అమ్మ ఏడ్చింది దెబ్బకు కాదు, మా తమ్ముడు వచ్చి లేపాల్సి వచ్చిందని.

ఆ దొడ్డిలో పోయడానికి ప్రతిసారీ సగం బకెట్టు కావాలి. ఉన్న నీళ్ళు అమ్మకే వదిలేసి, నేనూ మా మరదలూ తెల్లవారకముందే చిల్లచెట్ల చాటుకు వెళ్ళొస్తున్నాం. ఊళ్ళో చాలా ఇళ్ళలో ఆడవాళ్ళ పరిస్థితి ఇదే, దొడ్ల నిండా కట్టెలు, పిడకలు. పగలు వెళ్ళాల్సి వస్తుందని మధ్యాహ్నం నీళ్ళు తాగడమే మానేసిన ఆడపిల్లలున్నారు. బహిరంగ మలవిసర్జన లేని ఊరని పంచాయతీ గోడ మీద రంగుతో రాసి ఉంది. ఆ గోడ పక్కనుంచే నడిచి వెళ్తాం.

తాగడానికి క్యాన్లు కొంటున్నాం. ఊళ్ళో పెట్టిన ఫిల్టరు ప్లాంటు పాడై ఏడాదిన్నర అయింది, తాళం వేశారు. బయటి ఆటోలో వచ్చే క్యాను 15 రూపాయలు. రోజుకు రెండు, నెలకు 900. కూలి చేసుకునే ఇంటికి అది చిన్న మొత్తం కాదు. కొనలేనివాళ్ళు బోరింగు నీళ్ళే తాగుతున్నారు, వాళ్ళ పిల్లల పళ్ళు చూస్తే మీకే అర్థమవుతుంది.

అయ్యా, మేం కొత్త పథకం అడగడం లేదు. వేసిన పైపులో సాగర్ నీళ్ళు వదలండి. కుళాయిలు ఎన్ని వేశారని కాదు, ఏ ఇంటికి ఎన్ని బిందెలు వచ్చాయో లెక్క తీయించండి. ప్లాంటు తాళం తీయించండి. మోకాళ్ళు వంగనివాళ్ళకు కూర్చునే దొడ్డి ఇప్పించండి. అన్నీ ఒకేసారి కాకపోతే ముందు నీళ్ళు ఇవ్వండి. మా అర్జీని పరిష్కరించామని రాసే ముందు ఎవరైనా ఒకరు మా ఊరికి వచ్చి కుళాయి తిప్పి చూసేలా ఆదేశించండి. మీరే వస్తే ఇంకా సంతోషం. సభ వద్దు, శాలువా వద్దు. మా అమ్మ ఇంటి ముందే కూర్చుని ఉంటుంది, ఆమె చేతనే తిప్పించి చూడండి.

ఇట్లు,
కనిగిరి వైపు ఒక పల్లె నుంచి,
డ్వాక్రా సంఘం సభ్యురాలు