కాకినాడ ఆసుపత్రి వరండాలో కలిసిన అన్నయ్యకి

మా తమ్ముడికి 19 ఏళ్లు. ఎవరో తిడుతున్నట్టు వినబడుతోందని గదిలో తలుపేసుకుని కూర్చునేవాడు. గాలి సోకిందని ఊరంతా తీర్పు చెప్పేసింది, తాయెత్తులు కూడా కట్టేశారు. అమలాపురం నుంచి ఎలాగో తీసుకొస్తే ఓపీ గది గుమ్మం ఎక్కనన్నాడు.

మందుల కోసం కూర్చున్న మీరు లేచొచ్చి, వాడి పక్కనే నేలమీద చతికిలబడ్డారు. "నాకూ వినబడేవి తమ్ముడూ. ఇప్పుడు మందులేసుకుని రోజూ పనికెళ్తున్నాను" అన్నారు. ఆ గొంతులు నిజమా కాదా అని వాదించలేదు. "భయమేస్తోందా?" అనడిగారంతే. వాడు తలూపాడు. మీ వరస పోతున్నా వాడి చెయ్యి పట్టుకుని డాక్టరుగారి దాకా వచ్చారు.

మా అమ్మకి మానసిక సమస్యలకి సాయం చేసే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరు రాసిచ్చి, "పిన్నిగారండీ, తగ్గిందని మీ అంతట మీరు మందు ఆపెయ్యకండేం" అని మరీ మరీ చెప్పారు.

ఆపలేదండి. వాడు మళ్లీ కాలేజీకెళ్తున్నాడు. మీకు మా ఇంటిల్లిపాదీ కృతజ్ఞతలు. కోనసీమ వైపొస్తే భోజనానికి రావాల్సిందే, పులస దొరికితే మీ అదృష్టం!