తీగ లేని కరెంటు

ఒరేయ్ మూర్తీ,

మొన్న ఫోన్‌లో "తీగే లేని కరెంటును ఎలా కొలుస్తార్రా?" అని అడిగి, నేను నోరు తెరిచేలోపు పెట్టేశావు. నాకు అప్పట్నుంచీ అదే ధ్యాస.

గాలి తీసేసిన పైపులో పరిగెత్తే ప్రోటాన్ల పుంజం కూడా కరెంటే. ఒక నానోఆంపియర్ (ఆంపియర్‌లో వంద కోట్లో వంతు) అంటే సెకనుకు సుమారు 624 కోట్ల ప్రోటాన్లు. వినడానికి బోలెడు, కొలవబోతే చేతికి చిక్కదు. ఫారడే కప్ అని ఓ లోహపు గిన్నె అడ్డం పెడితే లెక్క తేలుతుంది గానీ, పుంజం అక్కడితో సరి. తాకకుండా కొలిచే మామూలు ట్రాన్స్‌ఫార్మర్లేమో దానికి వెయ్యి రెట్లుండే మైక్రోఆంపియర్ దగ్గరే చేతులెత్తేస్తాయి.

ఇక మిగిలింది పుంజం చుట్టూ పుట్టే అయస్కాంత క్షేత్రం. ఒక నానోఆంపియర్‌కి 10 సెంటీమీటర్ల దూరంలో అది 2 ఫెమ్టోటెస్లాలు. భూమి క్షేత్రం దానికి వెయ్యి కోట్ల రెట్లకు పైనే! అంత చిన్నదాన్ని పట్టేది స్క్విడ్. 1962లో జోసెఫ్సన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త 22 ఏళ్ల వయసులో వేసిన లెక్క ఆధారంగా 1964లో తయారైన సూపర్ కండక్టర్ (బాగా చల్లబరిస్తే కరెంటుకు అడ్డే చెప్పని పదార్థం) ఉంగరం అది.

అందరూ స్క్విడ్‌నే పొగుడుతారు. నా ఓటు మాత్రం దాన్ని దాచిన డబ్బాకే. నయోబియం అనే లోహంతోనో సీసంతోనో పుంజం చుట్టూ వచ్చేలా చేసి, ద్రవ హీలియంలో 4.2 కెల్విన్ (సుమారు మైనస్ 269 డిగ్రీల సెల్సియస్) దగ్గర ఉంచుతారు. డబ్బా గోడల మధ్య సన్నటి సందు ఒకటి ముందుకీ వెనక్కీ మడతలు పడుతూ పోతుంది. బయటి క్షేత్రాలు ఆ మడతల్లో తిరిగి తిరిగి నీరసించిపోతాయి. పుంజం చుట్టూ వలయంలా తిరిగే క్షేత్రం ఒక్కటే లోపల స్క్విడ్‌కి కలిపిన తీగచుట్టదాకా చేరుతుంది. పుంజం నడిమధ్యలోంచి కాక కాస్త పక్కగా పోయినా రీడింగు మారదు, అదీ దాని గొప్ప! ఈ ఉపాయం 1972లో హార్వే అనే ఆయన కొలతల ప్రమాణాలు చూసే ప్రయోగశాల కోసం చేశాడు. పుంజాలకు వాడడం తర్వాతి మాట: 1990లలో జర్మనీలో డార్మ్‌స్టాట్‌లో, ఆ తర్వాత జెనీవా దగ్గరి కణభౌతిక ప్రయోగశాల సెర్న్‌లో ప్రతిప్రోటాన్లకు (ప్రోటాన్‌కి వ్యతిరేక ఆవేశమున్న జంట కణాలు). ప్రతిప్రోటాన్లకు ఎందుకంటే, వాటిని అక్కడ నెమ్మదింపజేస్తారు. కణాలు అన్నే ఉన్నా వేగం తగ్గి రింగులో చుట్లు తగ్గుతాయి. కరెంటు తొమ్మిదో వంతుకు పడిపోతుంది.

ఇంతా చేసి, నేను పనిచేసిన చోట దీనితో పడ్డ టెన్షన్ చెప్పనా? స్క్విడ్‌కి మార్పే తెలుసు, అసలు విలువ తెలీదు. పుంజం లేనప్పటి గీతను సున్నా అనుకుని మొదలుపెట్టాలి. ఓరోజు రాత్రి ఆ గీత రెండు గంటలు బుద్ధిగా సాగింది. పుంజం రాబోతోందనగా పక్క బల్ల దగ్గర ఎవరో ఇనుప కుర్చీ జరిపారు. గీత టక్కున ఒక మెట్టెక్కి అక్కడే నిలబడింది! స్క్విడ్ లెక్కలో ఒక ఫ్లక్స్ క్వాంటం (అది క్షేత్రాన్ని లెక్కపెట్టే ఒక మెట్టు) తప్పిపోయింది, మా సున్నా కూడా దాంతోపాటే పోయింది. మళ్లీ మొదటికి. ఆ తర్వాత హీలియం పంపు వణుకుతో ఇంకో వారం.

ఆ గ్రాఫు ఫోటో దీనితోనే పెడుతున్నా. మధ్యలో నిట్టనిలువుగా లేచిన గీత చూసి ప్రోటాన్లు అనుకునేవు, అది కుర్చీ. అసలు పుంజం కుడిచివర, గోరంత ఎత్తున ఉంది చూడు.

నీ
రఘు