వార్షిక నివేదిక: న్యూ బ్రన్స్‌విక్ చరిత్ర నడక, ఇతర కార్యక్రమాలు

గౌరవ సభ్యులకు నమస్కారం.

సంఘం ఆశయాలు మీరెరిగినవే. ఉగాది, బతుకమ్మ, దీపావళి యథావిధిగా జరిగాయి. పులిహోర కలిపిన అక్కయ్యలకు, తర్వాత గిన్నెలు తోమిన బావగార్లకు కార్యవర్గం కృతజ్ఞతలు తెలుపుతోంది.

ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవలసినది న్యూజెర్సీలోని న్యూ బ్రన్స్‌విక్ చరిత్ర నడక. ఎడిసన్‌లో స్థిరపడిన మనలో చాలామందికి అది జ్యూరీ పిలుపు వస్తే వెళ్ళే మిడిల్‌సెక్స్ కౌంటీ కేంద్రం, పిల్లలకేమో రట్గర్స్ విశ్వవిద్యాలయం. ఆదివాసులైన లెనాపీ ప్రజలు తిరిగిన ఆ నేలమీద, రారిటన్ నది ఒడ్డున, 1681లో జాన్ ఇనియన్ బృందం స్థిరపడింది. న్యూయార్క్ నుంచి ఫిలడెల్ఫియా వెళ్ళే బాటసారులను బల్లకట్టుపై దాటించడం వల్లనే ఊరు పెరిగి, ఇనియన్ రేవుగా పేరుపడి, తర్వాత ఇంగ్లండు రాజుల జర్మన్ వంశమైన బ్రన్స్‌విక్ పేరు తగిలించుకుని, 1730లో నగర చార్టరు పొందింది. నాటి ఈస్ట్ జెర్సీ వలసరాజ్యానికి రాజధానిగా వెలిగిన పెర్త్ అంబాయ్‌ని కాదని కౌంటీ పీఠం చివరికి ఈ రేవునే వరించింది. 1766లో చార్టరు పొందిన క్వీన్స్ కాలేజీ, అంటే నేటి రట్గర్స్, 1771లో పాఠాలు మొదలుపెట్టింది ఒక మద్యపు సత్రంలోనని చెప్పగానే పిల్లలు పెద్దల వైపు తిరిగి నవ్వారు.

అందరినీ ఆకట్టుకున్నది 1776 సెప్టెంబరు నాటి ముచ్చట. బ్రిటిష్ వారితో సంధి చర్చలకు వెళ్తూ అమెరికా స్వాతంత్ర్య నాయకులు జాన్ ఆడమ్స్, బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఇక్కడి సత్రంలో ఒకే మంచంపై పడుకున్నారు. రాత్రి గాలికి జలుబు చేస్తుందని ఆడమ్స్ కిటికీ మూశారు. మూస్తే ఊపిరాడదని ఫ్రాంక్లిన్ తెరిపించి, జలుబు గురించి ఉపన్యాసం అందుకోగా, వింటూనే ఆడమ్స్ నిద్రపోయారు. ఆ డిసెంబరులోనే బ్రిటిష్ సేన ఊరిని ఆక్రమించి మరుసటి జూన్ దాకా కదలలేదు.

నడక కరపత్రంలో బానిసత్వం ప్రస్తావన వద్దని కొందరు సూచించారు. న్యూజెర్సీ క్రమక్రమ విముక్తి చట్టం 1804 దాకా రాలేదు గనుక ఆ పేరా ఉంచాను. దానికి బాధ్యత నాదే.

ఆదాయవ్యయాల పట్టిక జతచేశాం, ఆడిటరుగారు చూశారు, స్వల్ప మిగులు ఉంది.

నడకకు పేర్లిచ్చిన కార్యకర్తల్లో సగం మంది ఆ ఉదయం ఫోనైనా ఎత్తలేదు. అనుమతి కోసం ఒక కార్యాలయానికి నాలుగుసార్లు రాస్తే, జవాబు నడక ముగిశాక వచ్చింది. ఎండలో నీళ్ళ సీసాల పెట్టెలు మోసిన ఇద్దరు హైస్కూలు విద్యార్థులకు ప్రత్యేక ధన్యవాదాలు.

వచ్చే నడక ఆ ఊళ్ళోనే ఉన్న పాతకాలపు బక్లూ భవనానికి. ఈసారి పేరిచ్చేవారు దయచేసి రావలసిందిగా మనవి.

ఇట్లు,
కార్యదర్శి