గర్భం పోయాక రక్తం ఆగకపోతే: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

అయ్యా,

గర్భం పోయినా, తీయించుకున్నా, గంటకు రెండు పెద్ద ప్యాడ్ల చొప్పున వరసగా రెండు గంటలు తడిసిపోతుంటే అది ఎమర్జెన్సీ. అలాంటప్పుడు "దానంతటదే పోయిందా, నువ్వే తీయించుకున్నావా?" అని ఆమెను నిలదీయడం దేనికండీ? రక్తం ఆపే వైద్యం రెండింటికీ ఒకటే. సెలైన్ ఎక్కించాలి, గర్భసంచి ముడుచుకునే మందు ఇవ్వాలి. లోపల గర్భం ముక్కలు మిగిలితే చేత్తో నడిపే వాక్యూమ్ సిరంజితో తీసేయొచ్చు. దానికి కరెంటు కూడా అక్కర్లేదు, శిక్షణ పొందిన నర్సు చేయగలదు. గర్భసంచి ముడుచుకునే మందుల్లో ఆక్సిటోసిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి గానీ, మిసోప్రోస్టాల్ మాత్రలకు ఫ్రిజ్ అవసరం లేదు.

ప్రతి చిన్న ఆసుపత్రిలో, రాత్రి డ్యూటీలోనూ, ఇవి వాడటం తెలిసినవాళ్లు ఉండేలా చూడండి. రక్తం ఎక్కించే చోటికి వెంటనే పంపే బండి ఉండాలి. నెత్తురు పోతున్న మనిషిని భర్త సంతకం కోసం ఆపొద్దని రాతపూర్వకంగా ఆదేశించండి.

ఇట్లు,
ఒక పౌరురాలు